పాతరలో గాలి ఫెయిర్

ఇంగ్లీషులో పొడవాటి మాటలకు నేనెప్పుడూ భయపడలేదు. టైపు మిషను మీద వేళ్లు పెట్టి బతికినవాణ్ణి. పొడవాటి మాట వస్తే రెండుసార్లు చూసుకుని కొడతాం, కాబట్టి తప్పు పడదు. మనుషుల్ని ముంచేవి పొట్టి మాటలు. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు నా దగ్గరికి వచ్చి, "ఇంగ్లీషు బాగా రావాలంటే ఏం చెయ్యల్ల తాతా?" అని అడుగుతుంటారు. వాళ్లకు నేను ఒకే ఒక మాట గురించి చెబుతాను. మొదట్లో నవ్వుతారు. నవ్వనీ, నాకేం పోయింది. సగం విన్నాక ఎలాగూ ఆపేస్తారు.

నేను నంద్యాలలో ఒక సర్కారు కచేరీలో టైపిస్టుగా ఉండేవాణ్ణి. ఏ కచేరీయో చెప్పను. అందులో పనిచేసినవాళ్ల మనవళ్లు ఇప్పుడు పెద్ద పెద్ద మనుషులు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పట్నాల్లో తిండిగింజల్లేవని పల్లెల్లో రైతుల దగ్గర లెవీ కింద జొన్నలు, వడ్లు సేకరించమని పైనుంచి హుకుం. ఏ ఊళ్లో ఎంత పండిందో అంచనా వేసి, దాన్నిబట్టి ఎంత తీసుకోవాలో తేల్చే పని మాది. తేల్చడమంటే పొలానికి పోయి చూడటం అనుకుంటారేమో. కాదు. కాగితం మీద ఒక మాట రాయడం.

ఆ మాట ఫెయిర్.

అది లేకుండా మా కచేరీలో పూట గడిచేది కాదు. చిత్తు దిద్ది శుభ్రంగా కొట్టి తెస్తే ఫెయిర్ కాపీ. రేషను వచ్చాక తెరిచిన చౌక దుకాణం ఫెయిర్ ప్రైస్ షాపు. మా హెడ్డుగుమాస్తా తన కొడుక్కి పిల్లను వెతుకుతూ, పిల్ల ఫెయిర్‌గా ఉండాలని జాబులు రాసేవాడు. అంటే తెల్లగా ఉండాలని. ఆ కొడుకును చూసినవాళ్లకు, ఇంట్లో ఒక్కరైనా తెల్లగా ఉండాలన్న ఆయన ఆశ అర్థమయ్యేది. ఎవరైనా న్యాయంగా నడుచుకుంటే ఫెయిర్. ఆకాశంలో మబ్బు లేకపోతే వాతావరణం ఫెయిర్. మా సీమలో వాన లేకపోవడాన్ని మెచ్చుకునే మాట ఇది తప్ప ఇంకొకటి నేను వినలేదు.

ఇన్ని అర్థాలు చాలవన్నట్టు, పంటల అంచనాలో దానికి ఇంకో అర్థం ఉంది. గుడ్, ఫెయిర్, పూర్ అని మూడు మెట్లు. గుడ్ అంటే బాగా పండింది. పూర్ అంటే పోయింది. ఈ రెండింటి మధ్య ఏదో గడిచిపోతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు అని చెప్పడానికి ఫెయిర్. అక్కడ దానికి తెలుపూ లేదు, న్యాయమూ లేదు.

ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో పంటలు చూసి రాయవలసిన ఇనస్పెక్టరు ఒకాయన ఉండేవాడు. అవుకు దగ్గర రైతు ఇంట్లో పుట్టినవాడు. చిన్నప్పుడు విత్తనాలు వేసే గొర్రు పట్టినవాడు, గింజలు దాచే పాతర పూడ్చినవాడు. జొన్న కంకిని చేత్తో పట్టుకుంటే ఎంత రాలుతుందో చెప్పగలిగినవాడు. అంత తెలిసిన మనిషి ఏ ఊరికైనా, ఏ ఏడైనా ఫెయిర్ అనే రాసేవాడు. ఆయన కాగితాలు కొట్టీ కొట్టీ నా మిషనులో ఆ నాలుగక్షరాలూ అరిగిపోయాయి. ఒకసారి హోటల్లో కాఫీ తాగుతూ అడిగాను.

"ఏమప్పా, నీకు ఇంగో మాట రాదా?"

"వచ్చు. గుడ్ అని రాస్తే రైతులు తిడతారు. పూర్ అని రాస్తే పైవాళ్లు తిడతారు. ఫెయిర్ అని రాస్తే ఎవురూ తిట్టరు. ఎవురికి కావల్సింది వాళ్లు చదువుకుంటారు" అన్నాడు.

అన్నాక కాఫీ గ్లాసు కింద పెట్టి, చాలా తెలివైన పని చేసినవాడిలాగా మూతి తుడుచుకున్నాడు.

అలా చదువుకునే మనిషి ఆ సంవత్సరమే మా కచేరీకి ఆఫీసరుగా వచ్చాడు. కృష్ణా తీరం మనిషి. మద్రాసులో కాలేజీ చదువు. తెలుగు రాక కాదు, కచేరీలో మాట్లాడితే హోదా తగ్గుతుందని బంట్రోతులతో తప్ప మాట్లాడేవాడు కాదు. కారులో వెనకసీటు మీద నిఘంటువు ఎప్పుడూ ఉండేది. ఆయన భార్య కూర్చోవలసి వస్తే నిఘంటువును ఒళ్లో పెట్టుకుని కూర్చునేదని డ్రైవరు చెప్పేవాడు.

ఆ ఏడు చలికాలపు పంటకు ఆధారమైన హింగారి వానలు సరిగా పడలేదు. నల్లరేగడిలో జొన్న మొలిచిందేగాని మోకాలెత్తు దాటి నిలబడ్డ చేలు తక్కువ. ఇనస్పెక్టరు అలవాటు ప్రకారం ఫెయిర్ అని రాశాడు. మా ఆఫీసరు దాన్ని చదివి, "ఫెయిర్! అంటే బాగున్నట్టే. ఫెయిర్ అంటే అందం కూడా కదా" అన్నాడు. మూడు మెట్ల సంగతి ఆయనకు చెప్పవలసినవాడు హెడ్డుగుమాస్తా. ఆఫీసరు అర్థం చెప్పాక ఇంకో అర్థం చెప్పడం ఆయన సర్వీసులో ఎన్నడూ ఎరగడు. "అవును సార్, చాలా అందం" అన్నాడు. బాగా పండిన ఏటి లెక్కన లెవీ ఖాయమైంది.

రైతులు అర్జీ పెట్టుకున్నారు. కోతకు ముందు, చేలు ఇంకా నిలబడి ఉండగానే, ఆళ్లగడ్డ బంగళాలో విచారణ పెట్టారు. ఆఫీసరు, హెడ్డుగుమాస్తా, టైపు మిషనుతో నేను కారులో పోయాం. ఇనస్పెక్టరు ముందే వచ్చి వసారాలో నిలబడి ఉన్నాడు. బంగళా ముందర ఎండలో చుట్టుపక్కల పల్లెల రైతులు కూర్చున్నారు.

వాళ్లలో ఒక ఆడమనిషి ఉంది. యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక ముప్పై ఎకరాల సేద్యం తానే చేయిస్తున్న మనిషి. పెద్ద ఇంటి కోడలు. ఊళ్లో అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. ఆమె లేచి నిలబడింది.

"దొరా, మా చేను ఆ వంక దాటితే వస్తాది. కారు గూడా పోతాది. ఒక్కసారి చూసి, నీకేం తోస్తే అది రాసుకో."

ఆఫీసరు ఆమె వైపు చూడకుండా హెడ్డుగుమాస్తాతో ఇంగ్లీషులో అన్నాడు: "ప్రశ్న పొలం గురించి కాదు. నివేదికలో ఉన్న విశేషణం గురించి."

నిఘంటువు తెప్పించారు. హెడ్డుగుమాస్తా కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్క అర్థమే పైకి చదవడం మొదలుపెట్టాడు. న్యాయమైన, పక్షపాతం లేని, నిర్మలమైన, తెల్లని, చూడముచ్చటైన. ప్రతి అర్థం దగ్గరా ఆఫీసరు తల ఊపేవాడు. ఓ మాదిరి అన్న అర్థం వచ్చేసరికి గుమాస్తా గొంతు తగ్గింది. ఆఫీసరు, "అది గౌణం, ముందుకు పోనీ" అన్నాడు. ముందుకు పోతే తిరునాళ్ల అని వచ్చింది. దాన్ని గుమాస్తా తెలుగులోనే గట్టిగా చదివాడు.

ముందు వరసలో ఉన్న ముసలి రైతు ఒకాయన ఉలిక్కిపడి పక్కవాణ్ణి అడిగాడు. "ఏందీ, దొర అహోబిలం తిరునాళ్లకు పోతాండాడా? మన అర్జీ ఏమాయ మళ్ల?"

నాకు నవ్వు రాలేదు. ఆ పెద్దాయన పొద్దు పొడవకముందే లేచి, నడిచి వచ్చాడు. నెత్తిన గుడ్డ వేసుకుని, తన ఊరి గింజల సంగతి తేలుతుందని ఎదురుచూస్తున్నాడు. మధ్యాహ్నం దాకా తేలింది ఏమిటంటే, ఫెయిర్ అనే మాటకు బాగున్న అర్థాలు ఎక్కువ, బాగులేని అర్థాలు తక్కువ. ఎక్కువ పక్షం ప్రకారం పంట బాగున్నట్టు తీర్పు. అర్జీ కొట్టేశారు. పెద్దమ్మ చెప్పిన వంక, ఆ చిన్న వాగు, దాటి ఒక్కరూ పోలేదు. ఇనస్పెక్టర్ని ఆఫీసరు ఒక్కసారే అడిగాడు, "నీ ఉద్దేశం ఏమిటి?" అని. ఆయన, "తమరు చెప్పిందే సార్" అన్నాడు.

కోతలయ్యాయి. వచ్చినన్ని గింజలు వచ్చాయి. లెవీ బండ్లు పెద్దమ్మ ఊరికి పోతే రైతులు ఇచ్చింది అడిగినదానిలో సగం కూడా లేదు. పాతరల్లో దాచారని ఆఫీసరు తీర్మానించాడు. పాతర అంటే తెలుసుగా, నేలలో బావిలాగా గుండ్రంగా తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన రాయి, మట్టి వేసి పూడ్చేస్తారు. ఏళ్ల తరబడి చెడవు. విత్తనాలకు ఉంచుకునేవి కూడా అందులోనే. నిండు ఎండాకాలంలో తానే స్వయంగా పాతరలు తెరిపిస్తానని ఆఫీసరు బయలుదేరాడు. హెడ్డుగుమాస్తా, ఇనస్పెక్టరు, నేను వెంట.

మొదట తెరిపించింది పెద్దమ్మ పాతర. ఆమె అడ్డం చెప్పలేదు.

"తెరవండి. ఉండేటివి విత్తనాలే. హింగారికి యెయ్యల్ల. చూసుకోండి, కొలుచుకోండి" అంది.

ఊరి తలారి, ఆమె పాలేరు కలిసి మట్టి తీసి, రాయి పక్కకు దొర్లించారు. లోపల్నుంచి పులిసిన వాసనతో వేడి ఆవిరి ఒకటి మొగానికి కొట్టింది. అందరం వెనక్కి జరిగాం. ఆఫీసరు జేబు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలారిని దిగమన్నాడు.

"ఇప్పుడే దిగగూడదు దొరా" అంది పెద్దమ్మ. "గాలి చెడిపోయింటాది. రేపు పొద్దునదాకా మూత తీసి పెట్టి, దీపం దించి చూడల్ల. దీపం ఆరకపోతే దిగల్ల."

నేను పుట్టిన ప్యాపిలి వైపు కూడా అంతే. పాతరున్న ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి. నేను, "నిజమే సార్" అన్నాను. టైపిస్టు మాట ఎవరికి కావాలి? రేపటిదాకా అంటే రాత్రికి రాత్రి గింజలు మాయం చేస్తుందని ఆఫీసరు అనుమానం. అయినా కొంచెం జంకాడు. ఇనస్పెక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులోనే అడిగాడు: "నువ్వు ఈ ప్రాంతం వాడివి. లోపల గాలి ఎలా ఉంటుంది?"

ఇనస్పెక్టరు పాతర వైపు చూశాడు. ఆఫీసరు మొగం చూశాడు. పెద్దమ్మను మాత్రం చూడలేదు.

"ఫెయిర్, సార్" అన్నాడు.

"ఫెయిర్! విన్నారుగా. దిగమను" అన్నాడు ఆఫీసరు.

నేను ఆ ఇనస్పెక్టరు మొగాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. ఎవరైనా గట్టిగా అడిగితే అంత బాగాలేదనే అర్థంలోనే అన్నానని చెప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న మొగం అది.

తలారి ధోవతి ఎగగట్టాడు. పెద్దమ్మ అతని రెక్క పట్టుకుని ఆపింది.

"ఒరే, దిగొద్దురా. సచ్చిపోతావు."

"దొర చెప్తాండాడు గదమ్మా" అన్నాడు తలారి. భయమో, మర్యాదో, రెండూనో.

"అయితే మోకు కట్టుకో" అంది. తానే పోయి ఎద్దుల కొట్టంలో మోకు తెచ్చి అతని చంకల కింద చుట్టి ముడి వేసింది. రెండో కొస తన పాలేరు చేతికిచ్చింది. హెడ్డుగుమాస్తా, "ఆలస్యం చేస్తోంది సార్" అని గొణిగాడు.

తలారి చేతులు ఆనించి లోపలికి జారాడు. తల కనిపించకుండా పోయిన తర్వాత, "అమ్మా, గింజలు కింద..." అన్న మాట వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు.

"ఒరేయ్!" అని పిలిచింది పెద్దమ్మ. జవాబు లేదు. "లాగండిరా!" అని అరిచి తానే మోకు పట్టుకుంది. పాలేరు, నేను, కారు డ్రైవరు కూడా పట్టుకున్నాం. మనిషి ఒళ్లు వాలిపోతే ఎంత బరువుంటుందో ఆనాడే తెలిసింది నాకు. పైకి వచ్చినప్పుడు తలారి పెదవులు నల్లబడి ఉన్నాయి. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. వేపచెట్టు కిందికి మోసుకుపోయి పడుకోబెట్టి, మొగాన నీళ్లు కొట్టి, తడిగుడ్డతో విసిరాం. అతని పెండ్లాము వీధి మలుపు నుంచి అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. పెద్దమ్మ అతని రొమ్ము మీద చెయ్యి వేసి, ఒంగి చూస్తూ ఉంది. కాసేపటికి అతను దగ్గాడు. ఇంకోసారి దగ్గి, పక్కకు తిరిగి కక్కుకున్నాడు. అప్పుడు గాని ఆమె చెయ్యి తియ్యలేదు.

లేచి తిన్నగా ఇనస్పెక్టరు దగ్గరికి వచ్చింది.

"ఏమంటివప్పా నువ్వు, ఆ దొర అడిగితే? ఏందో ఒక మాటంటివే?"

ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. ఏమన్న్యాడు?"

"గాలి ఫెయిరన్న్యాడమ్మా."

"అంటే?"

"అంటే... బాగుందని గానీ, ఓ మాదిరిగా ఉందని గానీ."

"రెండిట్లో యాది?"

నేను ఇనస్పెక్టరు వైపు చూశాను.

"మనిషిని లోపలికి దింపేటప్పుడు గూడా రెండుంటాయా?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. అట్లా అడిగి, ఆఫీసరు వంకైనా చూడకుండా మళ్లీ తలారి దగ్గరికి పోయింది.

ఆఫీసరు మొగం పాలిపోయింది. ఏదో అనబోయాడు, తెలుగులో. కారెక్కాడు. దారి పొడవునా ఆయన నిఘంటువు జోలికి పోలేదు. ఆ మనిషికి బుద్ధి వచ్చిందేమోనని నేను అనుకున్నాను. నంద్యాల చేరి స్నానం చేసి భోంచేసేసరికి మామూలు మనిషయ్యాడు. మర్నాడు నివేదిక చిత్తు నా బల్ల మీదికి వచ్చింది. పాతరలు స్వయంగా తనిఖీ చేయబడ్డాయని, వాటిలో నిల్వలు ఫెయిర్‌గా ఉన్నాయని. లోపలికి దిగినవాడు ఒక్కడే, వాడు చూసింది చీకటి. ఆ సంగతి నివేదికలో లేదు. తలారి సంగతి అసలే లేదు.

పైకచేరీ నుంచి జవాబు వచ్చింది: ఫెయిర్ అంటే పుష్కలంగా ఉన్నాయనా, అంతంతమాత్రంగా ఉన్నాయనా, వివరించండి. అది తేలేదాకా ఆ పల్లెల్లో సేకరణ నిలిపి ఉంచండి. మా ఆఫీసరుకు పట్టరాని కోపం వచ్చింది. "పైన ఇంగ్లీషు తెలిసినవాడు ఒక్కడూ లేడా?" అని హెడ్డుగుమాస్తా మీద ఎగిరాడు. గుమాస్తా ఆ కాగితాన్ని నా మీదికి తోశాడు.

అందులో చివరి వాక్యం నేను చాలాసార్లు చదివాను. తేలేదాకా సేకరణ లేదు. తేలకపోతే?

అప్పుడు కూర్చుని నేను చేసిన పని నా సర్వీసు మొత్తంలో నేను కావాలని చేసిన ఏకైక పని. నిఘంటువు తెచ్చుకుని, ఫెయిర్ అన్న మాటకున్న అర్థాలన్నీ వరసగా కొట్టాను. కింద, తమ కచేరీవారు ఈ మాటను వీటిలో ఏ అర్థంలో వాడుతారో దయచేసి తెలియజేస్తే, మేము ఆ అర్థాన్ని అనుసరించి జవాబు ఇచ్చుకోగలమని వినయంగా రాశాను. ఆఫీసరు చదివి మురిసిపోయాడు. "ఇదీ పాండిత్యం అంటే" అని, తన చేత్తో ఇంకో అర్థం కలిపి సంతకం పెట్టాడు.

పైనున్నవాళ్లు మావాళ్లకేం తీసిపోలేదు. పంటల అంచనాలోని అర్థంలోనే వాడుతామని రాశారు. పంటకు చెప్పిన అర్థం నిల్వకు వర్తించదని మా ఆఫీసరు వాదించాడు. ఎందుకు వర్తించదో రాయమన్నారు. రాశాడు. ఆ రాతలు నేను ఎంతో శ్రద్ధగా కొట్టాను. ఎండాకాలం గడిచింది. తొలకరి వచ్చింది. కాగితం పోతోంది, వస్తోంది. ఆళ్లగడ్డ పల్లెల్లో పాతరల జోలికి ఎవరూ పోలేదు. అయినా దీన్ని నా గొప్పతనం అనుకోకండి. అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కడు, పోయి చూసొద్దాం పదండి అని ఉంటే నా ఎత్తు ఒక్కపూటలో కూలిపోయేది. అననివాళ్ల మీద నమ్మకంతోనే వేశాను ఆ ఎత్తు. వాళ్లు నా నమ్మకం వమ్ము చెయ్యలేదు.

ఇనస్పెక్టరుకు ప్రమోషను వచ్చింది. ఆయన మీద వచ్చిన గోప్య నివేదికలో పనితనం ఏమని ఉందో మీరే ఊహించుకోండి. ఆఫీసరు బదిలీ అయి నిఘంటువుతో సహా వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన ఆయనకు విశేషణాల మీద మోజు లేదు. ఫైలు చూసి, ఇదేం గోలని మూసేశాడు.

హింగారి వానలు ఆ ఏడు బాగా పడ్డాయి. ఆళ్లగడ్డలో పనిబడి పోయినప్పుడు, బస్సు దిగి వంక దాటి ఆ ఊరికి నడిచాను. పిలవలేదెవరూ. పోవాలనిపించింది. పెద్దమ్మ ఇంటి వెనక పాతర మూత తీసి ఉంది. ముందురోజే తీశారట. చుట్టూ ఐదారుగురు మనుషులు. తలారి మోకు చుట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"మళ్ల నువ్వే దిగుతాండావా?" అన్నాను.

"ఇంగెవురు దిగుతారు? లోపల దావ చూసొచ్చినోణ్ణి నేనే గద" అని నవ్వాడు. అతని పెండ్లాము మాత్రం నవ్వలేదు. మోకు కొస తన నడుముకు కట్టుకుని నిలబడి ఉంది.

దీపం దించి, పైకి తీసి, మళ్లీ దించి చూశారు. వెలుగుతూనే ఉంది. తలారి దిగాడు. పెద్దమ్మ పాతర అంచున మోకాళ్ల మీద కూర్చుని, అతను పనిచేస్తున్నంతసేపూ అతనితో మాట్లాడుతూనే ఉంది. వాని కూతురు సంగతి, ఎద్దు కాలి పుండు సంగతి, ఏదో ఒకటి. అతను జవాబు చెబుతూనే ఉన్నాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆమె చెయ్యి మోకు మీదికి పోయేది.

మొదటి గంప పైకి వచ్చింది. పెద్దమ్మ పిడికెడు గింజలు తీసి అరచేతిలో పోసుకుంది. ఊదింది. ఒక గింజను పంటి కింద పెట్టి కొరికింది. అందరం ఆమె నోటి వైపే చూస్తున్నాం.

"మొలుస్తాది" అని, గొర్రు కట్టమంది.